విమానం, సారె, నూట డెబ్బై ఎనిమిది పౌండ్లు

ముందే చెప్పేస్తున్నాను: విమానం కూలిపోలేదు. ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. కూలింది నా పరువొక్కటే. అదీ సముద్ర మట్టానికి ఏడు వేల అడుగుల ఎత్తున్న ఊళ్ళో కూలింది కాబట్టి, ముక్కలు ఏరుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ ముక్కల్నే ఇప్పుడు మీ ముందు పరుస్తున్నాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇంతవరకూ ఆపనేలేదు.

లెక్కలు నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. గుంటూరులో ఒక పత్తిమిల్లు కాటా పక్కన నిలబడి, నా అంతట నేను నేర్చుకున్నాను. పత్తి బస్తా, అదే బోరెం, చూసి బరువు చెప్పేవాణ్ణి. అమ్మేవాడు అబద్ధం చెప్పొచ్చు, కొనేవాడు అబద్ధం చెప్పొచ్చు, కాటా మాత్రం చెప్పదన్నది నా వేదం. అమెరికా వచ్చినా వేదం మారలేదు. ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఒక గిడ్డంగిలో సరుకు లెక్క చూస్తుంటాను. మా ఆవిడ హైమ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆవిడ కంటికి కనబడని కొలతల మధ్య బతుకుతుంది, నేను నడుం విరిచే బరువుల మధ్య బతుకుతాను. మా అమ్మాయి ఇందు హైస్కూల్లో చదువుతూ ఫోన్లో బతుకుతుంది.

విమానం ఆలోచన హైమది. నలభై దాటాక కొందరు యోగా మొదలుపెడతారు, కొందరు మోకాళ్ళకు నూనె రాయడం మొదలుపెడతారు. ఈవిడ విమానం నడపడం నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం చపాతీ ఒత్తుతూ అడిగింది.

"ఏవండీ, విమానం తీసుకుందామా?"

"ఎక్కడికి టికెట్లు?"

"టికెట్లు కాదండీ. విమానమే. ముక్కలుగా పెట్టెల్లో వస్తుంది. గ్యారేజీలో మనమే బిగించుకోవాలి."

ఇందు ఫోన్లోంచి తలెత్తింది. మా ఇంట్లో అది గ్రహణం కన్నా అరుదైన దృశ్యం.

"వెయిట్. రియల్ ప్లేనా మమ్మీ? మనం కూచునేదా?"

"కూర్చునేదే. నాలుగు సీట్లు. సగానికి పైగా పని మన చేతుల్తోనే చెయ్యాలట, అది రూలు. అందరం కలిసి చేద్దాం. లేకపోతే నువ్వు కాలేజీకి వెళ్ళేలోపు మనం ముగ్గురం ఒకచోట కూర్చునేది ఎప్పుడు?"

నాకు భయమేసింది. కానీ పెట్టెతో పాటు వచ్చే పుస్తకాల్లో ప్రతి ముక్కకూ బరువు రాసి ఉంటుందని హైమ చెప్పగానే, ఆ భయం పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడి మొహమాటంలా కరిగిపోయింది. ప్రతి ముక్కకూ బరువు! దేవుడు నాకోసమే విమానాన్ని సృష్టించాడనిపించింది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో రెక్క రాలేదు, తోక రాలేదు, విమానం పేరు పుష్పకం. పేరు నేనే పెట్టాను. పురాణాల్లో పుష్పకానికి ఒక మహత్తు ఉందిగా, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని. ఆ మాట గుర్తుంచుకుని పేరు పెట్టినవాణ్ణి, ఆ ఇంకొకరు ఎవరో ఆలోచించి ఉండాల్సింది.

పెట్టెలు దిగాయి. మా రెండు కార్లూ వీధిలోకి వెళ్ళి ఎండకు తమ రంగు తామే మర్చిపోయాయి. చాండ్లర్ వేసవిలో గ్యారేజీ అంటే పెనం. అందుకని తెల్లవారగానే దిగి, సూర్యుడు గోడెక్కేలోపు పని ఆపేసేవాళ్ళం. రేకుల్ని కలిపి బిగించే రివెట్టు కొట్టడానికి ఇద్దరు కావాలి. బయటినుంచి ఒకరు గన్‌తో కొడుతుంటే, లోపలినుంచి ఇంకొకరు ఇనుపదిమ్మె అదిమిపట్టాలి. తోక లోపలికి దూరగలిగింది ఇందు ఒక్కతే. అది లోపల, నేను బయట.

"కొట్టనా?"

"కొట్టు నాన్నా."

టటటటట.

"నాన్నా! నా పళ్ళు షేక్ అవుతుంది!"

"అవుతున్నాయి అనాలి. పళ్ళు బహువచనం."

"నువ్వు లోపలికి రా, అప్పుడు చూద్దాం ఎన్ని మిగుల్తాయో!"

ఇలా మాట్లాడుకున్నంతగా మేమిద్దరం అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మధ్యలో అల్యూమినియం రేకు ఉంటే తండ్రీకూతుళ్ళకు చనువు పెరుగుతుందేమో, ఎవరైనా పరిశోధించాలి.

నేను మాత్రం బరువు దగ్గర హిరణ్యకశిపుణ్ణి అయిపోయాను. వంటింటి కాటా గ్యారేజీలోకి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. హైమ మెత్తని సీట్లు అడిగింది. "మెత్తదనానికి బరువుంటుంది" అని పల్చటివి వేశాను. ఇందు ఊదారంగు వేద్దామంది. "రంగుకు బరువుంటుంది" అన్నాను. పుష్పకం ఇప్పటికీ కొత్త స్టీలు బిందెలా రంగు లేకుండానే మెరుస్తుంటుంది. అద్దం ముందు చిన్న వినాయకుణ్ణి పెడతానని హైమ తెచ్చింది. నేను కాటా మీద పెట్టాను.

"వినాయకుణ్ణి తూస్తున్నారా?" అంది హైమ.

"అందరికన్నా ముందు ఆయన్నే తూచాలి. ఆ పొట్ట చూశావా?"

ఆయన స్థానంలో కాగితం వినాయకుడు వెలిశాడు.

తర్వాత మనుషుల వంతు. విమానంలో ఎక్కేవాళ్ళ బరువు కచ్చితంగా తెలియాలి. నేను బాత్రూం కాటా హాల్లో పెట్టి, పక్కన నిలబడ్డాను.

"మన పెళ్ళిచూపులప్పుడు చెప్పానుగా, అదే వేసుకోండి" అంది హైమ.

"ఆ అంకె వేసుకుంటే విమానం రన్‌వే చివరిదాకా పోయి, చుట్టూ చూసి, సిగ్గుపడి వెనక్కి వస్తుంది."

కాటా ఎక్కింది. నూట నలభై రెండు. ఆ పూట నాకు కూరలో ఉప్పు పడలేదు.

"దట్స్ ప్రైవేట్ నాన్నా" అంది ఇందు. "నా ఫ్రెండ్స్‌కి కూడా తెలీదు."

"ఫ్రెండ్స్ రెక్క మీద కూర్చుంటారా? ఎక్కు."

నూట ఇరవై ఒకటి. ఇద్దరి అంకెలూ నోటికి వచ్చేశాయి. ఆ తర్వాత కాటా తీసి లోపల పెట్టేశాను. పత్తిమిల్లులో ముప్ఫై మందిమి పనిచేసేవాళ్ళం. అన్నేళ్ళలో కాటా పట్టినవాడు కాటా ఎక్కడం నేను చూడలేదు. ఎందుకెక్కుతాడు? తూచేవాడికి బరువేమిటి?

రెక్కలూ తోకా ట్రక్కులో వేసుకుని ఊరి చివరి చిన్న విమానాశ్రయంలో అద్దె షెడ్డుకు చేర్చాం. తనిఖీ అధికారి వచ్చి ప్రతి బోల్టునూ టార్చి వేసి చూసి, "మీ ఇంట్లో ఎవరో బరువు గురించి చాలా శ్రద్ధ తీసుకున్నారే" అన్నాడు. హైమా ఇందూ ఏకకాలంలో నా వైపు వేలు చూపించారు. అది మెచ్చుకోలనే నేను ఇవాళ్టికీ నమ్ముతున్నాను.

కొత్తగా కట్టిన విమానాన్ని మొదట కొంతకాలం పైలట్ ఒక్కరే ఎగరేసి పరీక్షించాలి. హైమ ఒక్కతే ఎగిరేది. వెనక సీట్లో మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసేవాళ్ళం. బస్తాలు తూచేది నేను. ఎక్కించేది నేను. కింద నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసేది నేను. వెనక కుడివైపు సీటు నాదని ముందే చెప్పుకున్నాను. దాని చట్రంలో ప్రతి రివెట్టూ నేను కొట్టిందే. ఆ సీట్లో కూర్చుని, కిటికీలోంచి కింద భూమిని చూడాలి. నాకున్న కోరిక అదొక్కటే. పరీక్షలు అయ్యేలోపు ఆ సీట్లో నాకన్నా ముందు ఇసుక తిరిగొచ్చింది.

పరీక్షలు అయిపోయాయి. మొదటి కుటుంబ ప్రయాణం ఎక్కడికి? హైమ అక్క రాజ్యం వదిన ఇంటికి. వాళ్ళు మాకు ఉత్తరాన, కొండల మీద ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉంటారు. ఆవిడ భర్త ప్రకాశం అన్నయ్య అక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు, మిగతా సమయంలో పెరట్లో ప్లాస్టిక్ పందిరి కింద సొరకాయలు పెంచుతారు. హైమకు అమెరికాలో పుట్టిల్లంటే ఆ ఇల్లే.

రాజ్యం వదిన ఫోన్ చేసింది.

"మరిదిగారూ, మీ విమానంలో సామాను పడుతుందా?"

చూశారా, మనిషిని దెబ్బతీయాలంటే వాడికి వచ్చిన విద్యలోనే ప్రశ్న అడగాలి.

"పడుతుందా ఏమిటి వదినా! ఎత్తు ఎక్కువైతే గాలి పల్చన, ఎండ ఎక్కువైతే ఇంకా పల్చన. మీ ఊరు ఎత్తు, మధ్యాహ్నం ఎండ, తిరుగు ప్రయాణానికి పెట్రోలు, అన్నీ తీసేసి చెబుతున్నాను వినండి. మీ ఊరి నుంచి లేచేటప్పుడు మనుషులూ సామానూ కలిపి నాలుగు వందల డెబ్బై ఎనిమిది పౌండ్లు. అందులో హైమ, ఇందు పోగా..." కళ్ళు మూసుకుని నోటిలెక్క వేశాను. "రెండు వందల పదిహేను. ఒక్క పౌండు ఎక్కువ కాదు, తక్కువ కాదు."

"రెండు వందల పదిహేనా!" వదిన గొంతులో దీపావళి వెలిగింది. "కచ్చితమేనా?"

"నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

మీలో చురుకైనవాళ్ళు ఈపాటికి నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. కాస్త ఆగండి. పక్కవాళ్ళకు చెప్పి పాడుచెయ్యకండి.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. హైమ ముందు ఎడమవైపు, ఇందు పక్కన, నేను వెనక కుడివైపు, నా సీట్లో. చాండ్లర్ పల్లంలో ఉంది, పొద్దుటి గాలి చల్లగా ఉంది, మా దగ్గర సామాను రెండు చేతిసంచులు మాత్రమే. ఇందు సోకుల సంచీని కూడా రన్‌వే పక్కనే తూచి సగం తీయించాను.

"నాన్నా, అది లిప్‌స్టిక్. ఇట్స్ నథింగ్!"

"నథింగ్‌కు కూడా బరువుంటుంది. ఈ విమానంలో ముందు లెక్క, తర్వాతే మనిషి."

పుష్పకం తూనీగలా లేచింది. కింద ఎడారి, వాగులు, ఎర్రరాతి కొండలు అన్నీ పోతున్నాయట. నాకు తెలియదు. నేను హైమ భుజం మీదుగా పెట్రోలు ముల్లును చూస్తూ, ఎంత తాగిందో లెక్కేస్తూ కూర్చున్నాను.

"ఏవండీ, ఒక్కసారి బయటికి చూడండి!" అంది హైమ.

"తిరుగు ప్రయాణంలో చూస్తాను. ఇప్పుడు లెక్క తప్పుతుంది."

ఇలాంటి మాట అన్నవాడికి దేవుడు పైనుంచి తథాస్తు అనడట. చిరునవ్వు నవ్వుతాడట.

రాజ్యం వదిన ఇంట్లో రెండు పూటలు తిన్నాక, మా ముగ్గురి బరువూ మారే ఉంటుంది గానీ ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. ఆదివారం భోజనాలయ్యాక వదిన హాల్లో చాప పరిచింది. దాని మీద ఒక్కొక్కటే తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. చలిమిడి డబ్బా. సున్నుండల డబ్బా. అరిసెలు, కజ్జికాయలు. ఆవకాయ జాడీ, గోంగూర జాడీ. హైమకూ ఇందుకూ చీరలు, పసుపు, కుంకుమ. కుండీతో సహా కరివేపాకు మొక్క. అన్నయ్య పెరట్లోంచి సొరకాయల్ని చంటిపిల్లల్లా ఎత్తుకుని వచ్చారు.

"ఏమిటక్కా ఇదంతా?" అంది హైమ. కళ్ళలో మాత్రం "ఇంకేమున్నాయి" అని రాసి ఉంది.

"సారె! కారు కొన్నప్పుడు పెట్టాను, ఇల్లు కొన్నప్పుడు పెట్టాను. విమానం కట్టుకుని పుట్టింటికొచ్చిన ఆడపిల్లను ఉత్త చేతులతో పంపుతానా? అమ్మ ఉంటే ఊరుకునేదా?" అని, అన్నయ్య వైపు తిరిగింది. "ఏవండీ, అది కూడా తెండి."

అన్నయ్య షెడ్డులోంచి చక్రాలబండి తోసుకొచ్చారు. అందులో రుబ్బురోలు. పొత్రంతో సహా.

"రోలా!" అన్నాను.

"గ్రైండర్ చట్నీ తనకు నచ్చట్లేదని ఫోన్లో అంది మా చెల్లెలు. మాకు రెండున్నాయి. మీరే చెప్పారుగా, రెండు వందల పదిహేనని. ఆ అంకె పట్టుకునే వారం రోజులుగా సద్దుతున్నాను."

నాకు కోపం రాలేదు. గర్వమొచ్చింది. నా అంకెను ఇంత గౌరవించిన మనిషిని నేను జీవితంలో చూడలేదు. బాత్రూం కాటా తెప్పించి ఒక్కొక్కటే తూచాను. రోలు డెబ్బై నాలుగు. మిఠాయిలు యాభై రెండు. పచ్చళ్ళు, సొరకాయలు, మొక్క, చీరలు, మా చేతిసంచులు, అన్నీ కలిపి రెండు వందల పదమూడు తేలింది.

"ఇంకా రెండు పౌండ్లున్నాయి వదినా" అన్నాను, పరీక్షలో మొదటి మార్కు ప్రకటించినట్టు.

"అయ్యో, అలాగా!" అని ఆవిడ లోపలికి పరిగెత్తి ఒక కొబ్బరికాయ, తాంబూలం తెచ్చి పెట్టింది. రెండు వందల పదిహేను. నిండుకుండ.

అన్నయ్య వ్యానులో అందరం విమానాశ్రయానికి వెళ్ళాం. లోడింగు నేనే చేశాను. రోలు వెనక సీట్ల ముందు నేలమీద, తాళ్ళతో బిగించి. మిఠాయిలు ఎడమ సీట్లో, మిగతావి వెనక అరలో, కాళ్ళ దగ్గర. కుడివైపు సీటు ఖాళీగా వదిలాను. గమనించండి, నాకు చోటు వదిలాను. ఎంతైనా జాగ్రత్తపరుణ్ణి.

కొండల వెనక నల్లమబ్బు మొలుస్తోంది. ఆ కొండల్లో వానాకాలం మధ్యాహ్నాలు అంతే, మబ్బు మొలిచిందంటే కాసేపట్లో ఉరుముతుంది. హైమ పైలట్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"ఏవండీ, బరువు చెప్పండి."

నేను రెక్క పక్కన నిటారుగా నిలబడ్డాను. వినేవాళ్ళున్నారు కదా, గొంతు సవరించుకుని చదివాను. "హైమ, నూట నలభై రెండు!"

"అంత గట్టిగా అక్కర్లేదు."

"ఇందు, నూట ఇరవై ఒకటి! సారె, రెండు వందల పదిహేను! మొత్తం నాలుగు వందల డెబ్బై ఎనిమిది. పరిమితి నాలుగు వందల డెబ్బై ఎనిమిది. సరి!"

అన్నయ్య చప్పట్లు కొట్టారు. వదిన మెటికలు విరిచింది. నేను ఎక్కడానికి రెక్కమీద కాలు పెట్టాను.

"నాన్నా," అంది ఇందు ముందు సీట్లోంచి, "వేర్ ఆర్ యు?"

"ఇక్కడే ఉన్నాగా."

"కాదు, లెక్కలో. మమ్మీ ఉంది, నేను ఉంది, రోలు ఉంది, కొబ్బరికాయ కూడా ఉంది. నువ్వు ఏది?"

"నేనా? నేను లెక్క..." అన్నాను.

వేస్తున్నాను అనే మాట బయటికి రాలేదు. ఒక కాలు రెక్క మీద, ఒక కాలు నేల మీద, నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. మా ఇంట్లో నటరాజు బొమ్మ ఉంది, ఆయనకైనా ఆ భంగిమలో కొంత అందం ఉంటుంది.

"మీ బరువెంత మరిదిగారూ?" అని వదిన మెల్లగా అడిగింది.

ఆవిడ తెచ్చిన బాత్రూం కాటా వ్యానులోనే ఉంది. రన్‌వే పక్కన, నలుగురి ముందు, జీవితంలో మొదటిసారి కాటా పట్టినవాడు కాటా ఎక్కాడు. నూట డెబ్బై ఎనిమిది. మొత్తం ఎంత ఎక్కువైందో చూస్తే, అదీ సరిగ్గా నూట డెబ్బై ఎనిమిదే. సృష్టిలో అనవసరమైన బరువు ఏదని నేను అంతకాలం వెతుకుతున్నానో, అది దొరికింది.

"కొంచెం ఎక్కువైతే ఏమవుతుందండీ?" అన్నారు అన్నయ్య. "పుష్పకమని పేరు పెట్టారుగా, ఇంకొకరికి చోటుండదూ?"

"ఇది రావణుడి పుష్పకం కాదు బావగారూ, మీ తోడల్లుడిది" అంది హైమ. "ఒక్క పౌండు ఎక్కువున్నా ఇంజన్ స్టార్ట్ చెయ్యను. ఆ రూలు పెట్టింది ఆయనే."

"అయితే రోలు దించుదాం" అన్నాను.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నావైపు చూశారు. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను రోలుకే వెరిచాను.

"రోలొక్కటీ దించితే చాలదు కూడా" అంది హైమ, మనసులోనే లెక్కేసి. "డెబ్బై నాలుగు పోతే ఇంకా నూట నాలుగు దించాలి. మీతో పాటు ముప్ఫై ఏడు పౌండ్లే పడతాయి."

"పుట్టింటి గడప దాటిన సారె వెనక్కి రాకూడదు" అంది వదిన. "సగం పంపి సగం ఉంచుకోకూడదు. తర్వాత పార్సిల్ చెయ్యకూడదు. ఆడపిల్లతో కలిసే వెళ్ళాలి, ఆడపిల్లతో కలిసే ఆ ఇంట్లో అడుగుపెట్టాలి. నేను చెప్పట్లేదు, పద్ధతి."

"పోనీ, కొన్ని అరిసెలు నేనిక్కడే తినేస్తాను. బరువు తగ్గుతుంది."

"నాన్నా," అంది ఇందు, జాలిగా. "నువ్వు తింటే అది నీలో ఉంటుంది. సేమ్ వెయిట్."

నా కూతురు నాకు తూకం పాఠం చెప్పిన రోజు అది. గర్వపడాలో ఏడవాలో తేలక రెండూ కొంచెం కొంచెం చేశాను.

"కాస్త పెట్రోలు తీసేద్దాం."

"తీసేసి? దారిలో దిగి తోస్తారా?" అంది హైమ. "చూడండి, మబ్బొచ్చేస్తోంది. ఇప్పుడు లేవకపోతే ఇవాళ్టికి లేవం. పొద్దున నాకు షిఫ్టుంది, దీనికి స్కూలుంది."

"ఇందును..." అని మొదలుపెట్టాను.

"నేను నూట ఇరవై ఒకటే. నేను దిగినా నువ్వు పట్టవు" అంది ఇందు. అదీ నిజమే. "ముందు లెక్క, తర్వాతే మనిషి. నువ్వే చెప్పావ్. నా లిప్‌స్టిక్ తీయించావ్!"

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందట. నా ఎదురుగా రోలే ఉంది, నేనెవరితో మొరపెట్టుకోను?

చివరికి వదినే తీర్పు చెప్పింది. "ఆడపిల్ల, ఆడపిల్ల కూతురు, సారె. ఈ మూడూ కలిసి వెళ్ళాలి. అల్లుడిదేముంది మరిదిగారూ, అల్లుడు ఎప్పుడైనా రావచ్చు."

నేను రెక్కమీద నుంచి కాలు దించాను. ఖాళీగా ఉన్న నా సీటు చూసి వదిన, "పాపం, మొక్క కాళ్ళ దగ్గర నలుగుతోంది" అంది. కరివేపాకు మొక్కను తీసి నా సీట్లో కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు? నేనే. బెల్టు కూడా నేనే పెట్టాను. బరువు అటూ ఇటూ జరగకూడదు కదా. కిటికీ పక్క సీటు. ఆకులన్నీ బయటికే చూస్తున్నాయి.

పుష్పకం రన్‌వే మీద పరిగెత్తి, నేను చెప్పిన చోటే, నేను చెప్పినట్టే, అందంగా లేచింది. నా పక్కన నిలబడి వదిన చెయ్యి ఊపుతూ అంది: "ఎంత బాగా లెక్కేశారండీ! ఏమాత్రం తూగలేదు."

అన్నయ్య నన్ను బస్సు దగ్గర దింపారు. ఎక్కబోతుంటే వదిన, "చేతులూపుకుంటూ వెళ్తారా?" అని సారెలో చేర్చని సొరకాయల్లో పొడుగైనదాన్ని వ్యానులోంచి తీసి నా చేతుల్లో పెట్టింది. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ కుర్రాడు చాలాసేపు చూసి, మర్యాదగా అడిగాడు.

"సర్, మీరు బేస్‌బాల్ ఆడతారా?"

"లేదు బాబూ" అన్నాను. "విమానాలు కడతాను."

అతను సంచీ తీసుకుని వెనక సీటుకు మారిపోయాడు.

బస్సు కొండ దిగుతుండగా కిటికీలోంచి చూశాను. వాన మొదలైంది. ఎర్రరాతి కొండలు, వాగులు, ఎడారి, ఏవీ కనబడలేదు. ఫోన్‌కు ఇందు ఫోటో పంపింది: నా సీట్లో కరివేపాకు మొక్క, దాని వెనక కిటికీలో ఎండ పడి మెరిసే భూమి. కింద ఒక వాక్యం: "నాన్నా, ప్లాంట్ లవ్డ్ ద వ్యూ."

ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. సారె పంచడం అప్పటికే పూర్తయింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళిళ్ళన్నిటికీ చలిమిడి వెళ్ళింది, దాంతోపాటు నా కథా వెళ్ళింది. వీధి మొదట్లో ఒక అంకుల్ ఆపి, "రోలు క్షేమంగా చేరిందండీ, మీరు కూడా చేరారన్నమాట" అని పరామర్శించాడు. లోపల రోలు వంటింటి మధ్యలో పసుపు, బొట్టు పెట్టించుకుని కూర్చుంది. హైమ అప్పుడే కొబ్బరిచట్నీ రుబ్బుతోంది.

"అలిసిపోయారా?" అంది. "ఒక్క మాట చెప్పనా? మీరన్న రెండు వందల పదిహేను అక్షరాలా నిజం. ఈ విమానం ఇంత హాయిగా ఇంతవరకూ ఎగరలేదు."

చట్నీ అద్భుతంగా ఉంది. ఒప్పుకోక తప్పదు, నా బదులు వచ్చిన వస్తువు నాకన్నా రుచిగా పనిచేస్తోంది.

కాబట్టి పాఠకులారా, ఆ రోటి మీద చెయ్యి పెట్టి, గుంటూరు కాటాలూ అమెరికా కాటాలూ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లెక్కలోనైనా మొట్టమొదట నన్ను నేను ఎక్కించుకుని, బెల్టు పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాకే ఇంకెవరినైనా ఎక్కిస్తాను. నా భార్య పుట్టింటివారు అడిగినచో విమానం ఎంత మోస్తుందో చెప్పను. బెదిరించినా చెప్పను. అరిసెలు చూపించినా చెప్పను.

ఈ ప్రమాణం ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. వచ్చే వారం ఫ్లాగ్‌స్టాఫ్ ప్రయాణముంది. రాజ్యం వదిన ఈసారి నన్ను అడగడం మానేసింది. మా అమ్మాయికి ఫోన్ చేసి, నాన్న లేకుండా ఎంత పడుతుందో కనుక్కుందట.